దొరికిన కారు ఇంటికి చేరేదెప్పుడు?

దెందులూరు దగ్గర హైవే ఎక్కిన కారుకు దారులకు కొదవలేదు. పడమరకు వెళ్తే ఏలూరు, కలపర్రు టోల్‌ప్లాజా, ఆపైన విజయవాడ. తూర్పున గుండుగొలను దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరుకు, ఇంకోటి తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా రావులపాలేనికి. చింతలపూడి వైపు మళ్లితే కాసేపటికి తెలంగాణ. కారు కనబడలేదని తెలిశాక చుట్టాలను వాకబు చేస్తూ పూట గడిపేస్తే అది ఎన్ని స్టేషన్ల పరిధులు దాటిపోతుందో!

అందుకే మొదటి ఫోన్ 112కి చేయాలి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా సంతకం పెట్టి రావాలి. ఫిర్యాదులో రిజిస్ట్రేషన్ నంబరుతోపాటు ఛాసిస్, ఇంజిన్ నంబర్లు తప్పక రాయించాలి. దొంగ ముందుగా మార్చేది నంబర్ ప్లేటునే. ఫాస్టాగ్‌ను కంగారులో బ్లాక్ చేయించకండి. దొంగ దాన్ని పీకేయకపోతే, టోల్ డబ్బులు కట్ అయిన మెసేజ్ మీ ఫోన్‌కే వస్తుంది. కారు ఎటు పోయిందో పోలీసులకు అదే మొదటి ఆచూకీ కావచ్చు.

మన ప్రాంతంలో ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. చేపల చెరువు గట్టు మీద కారు ఆపి, తాళం దానికే వదిలేసి, మేత చూసొద్దామని దిగిపోతారు. తెలిసిన ఊరే కదా అన్న ధీమా. అలా పోతే క్లెయిమ్ దగ్గర చిక్కే. బీమా కంపెనీలు రెండు తాళాలూ అడుగుతాయి, నిర్లక్ష్యం పేరుతో సొమ్ములో కోత పెడతాయి, లేదా మొత్తానికే కాదంటాయి. ఉన్నది థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే అయితే దొంగతనానికి పైసా రాదు. పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసి, కంపెనీకి కాస్త ఆలస్యంగా తెలిపినవారికి మాత్రం ఊరట ఉంది. ఆ ఒక్క కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు గుర్షిందర్ సింగ్ కేసులో తేల్చింది.

అసలు బాధ కారు దొరికాక మొదలవుతుంది. అది కేసు సొత్తు. కోర్టు ఉత్తర్వు లేకుండా ఇవ్వరు. స్టేషన్ ఆవరణలో ఎండకు టైర్లు పగిలి, వానకు అడుగు తుప్పు పట్టి, చుట్టూ గడ్డి మొలిచిన వాహనాలను చూడనివారు మనలో తక్కువ. కొల్లేటి చెమ్మ తగిలే ఊళ్లలో ఇనుము ఎన్నాళ్లు ఆగుతుంది? వాహనాలను స్టేషన్లలో దీర్ఘకాలం ఉంచడంలో అర్థం లేదని, ఫొటోలు తీసుకుని, పూచీకత్తు రాయించుకుని ఇచ్చేయాలని సుప్రీంకోర్టు 2002లోనే, సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. కొత్త చట్టం 497వ సెక్షన్ గడువులూ పెట్టింది. సొత్తు కోర్టు ముందుకొచ్చిన 14 రోజుల్లో వివరాల పట్టిక, ఆ తర్వాత 30 రోజుల్లో అప్పగింతపై ఉత్తర్వు.

గడువు కాగితం మీద ఉంటే చాలదు. దాన్ని యజమానికి ఎవరో ఒకరు చెప్పాలి. రికవరీ చేసిన బండ్లను మీడియా ముందు వరుసగా నిలబెట్టే రోజునే, ఏ కోర్టులో దరఖాస్తు వేయాలో, ఆర్సీతోపాటు ఏ కాగితాలు తీసుకెళ్లాలో రాసిన చీటీని జిల్లా పోలీసులు ప్రతి యజమాని చేతిలో పెట్టాలి. ఇందుకు కొత్త జీవో ఏదీ అక్కర్లేదు.