వంటింటి కత్తికి ఒర

మన సామెతలలో కత్తులకు కొదువ లేదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవను మాట చిన్ననాటినుండి వినుచున్నదే. ఆ సామెతలోని కత్తి యుద్ధమునకు పోవునది. దానికి ఒర యున్నది, ఒరను వ్రేలాడదీయుటకు వీరుని నడుమున్నది. దూసినపుడొక వర్ణన, ఒరలో నుంచినపుడొక వర్ణన. విరాటపర్వమున అజ్ఞాతవాసమునకు పోవుచు పాండవులు తమ తల దాచుకొనుటకు ముందుగా ఆయుధములను దాచుటకు జమ్మిచెట్టును చూచుకొనిరి. అట్టి సంప్రదాయము గల మనము ఏడాది పొడుగునను పనిచేయు వంటింటి కత్తికి ఏ చోటు చూపితిమి? కిటికీ చువ్వల సందు, గిన్నెల బుట్ట, లేదా గరిటెల సొరుగు.

ఈ ప్రశ్న నాకు గ్రంథములవలన కలిగినది కాదు. మొన్నటి వేసవిలో ఒక ఉదయమున నేను పరీక్షాపత్రములు దిద్దుచుండగా వంటింట ఏదో జారిపడిన చప్పుడైనది. నా భార్య గరిటెకై సొరుగులో చేయి పెట్టగా అడుగున పడియున్న కత్తి ఆమె చూపుడువ్రేలిని లోతుగా కోసినది. పసుపు అద్ది, గుడ్డ చుట్టుకొని, ఆమె మరల పొయ్యి దగ్గరకే పోయినది. "ఏమండీ, ఆ సొరుగు సంగతి మీకు చెప్పి మూడేళ్లయింది" అని మాత్రము అన్నది. సాయంకాలమునకు రెండు కుట్లు పడినవి. ఇరువదియెనిమిది ఏండ్లుగా నేను ఖడ్గవర్ణనలకు ప్రతిపదార్థము చెప్పుచున్నవాడను.

పూర్వము ఈ చిక్కు ఇంతగా లేదు. కత్తిపీటకు వేరొక చోటు వెదకనక్కరలేదు. పీటయే దాని యిల్లు. కొన్ని సీమలలో దానిని ఈలపీట యందురు. కన్నడమువారి ఈళిగె దీని చుట్టమే. అలుగును పీటకు బిగించి, పీటను కాలితో అదిమి కూర్చుండి, కాయను అలుగునకు ఒత్తి తరుగుదురు. కత్తి కదలదు, కాయ కదలును. రెండు చేతులును కాయమీదనే యుండును. పని ముగియగానే కడిగి, అలుగును గోడవైపునకు త్రిప్పియో ప్రక్కకు వాల్చియో ఉంచుట ప్రతి యింటను వ్రాయని శాసనము. తరువాత పొయ్యి నేలనుండి గట్టుమీది కెక్కినది. వండువారు లేచి నిలిచిరి. చేతికత్తి వచ్చినది. కత్తి పీటను విడిచినదే గాని, దానికి మనము మరియొక పీట వేయలేదు.

కుట్లు విప్పిన వారమున నేను పనికి పూనుకొంటిని. మొదటి ప్రయత్నము వెదురుబొంగు. అడుగున కణుపు ఉండునట్లు కోసి, నునుపు చేసి, గర్వముతో గట్టుమీద నిలిపితిని. పదునైదు దినములలో లోపల బూజు పట్టినది, కత్తి మొన తుప్పు పట్టినది. కారణము తెలియుటకు శాస్త్ర మక్కరలేదు: కడిగిన కత్తినుండి జారిన నీరు కణుపుపై నిలిచిపోయినది. పైగా ఒక కత్తి తీసినపుడెల్ల బొంగు ఒరగుచుండెను. ఒరకు అడుగు ఉండరాదని నేనప్పుడు తెలిసికొంటిని.

మా వీథి వడ్రంగివద్దకు టేకు ముక్కలకై పోగా అతడు నా కాగితపు పటమును చూచి నవ్వి, "మాస్టారూ, ముందు కత్తులు పట్టుకురండి, చెక్క తరవాత" అనెను. కత్తులకై ఇంటికి వచ్చితిని. మా యింట ఎన్ని కత్తులున్నవో, ఏది దేనికో నాకు తెలియదని అప్పుడు గదా తెలిసినది! కూరలకు పెద్దది, ఉల్లిపాయలకు పలుచనిది, మామిడికాయల చెక్కు తీయుటకు చిన్నది. మొన విరిగిన నాల్గవది పొట్లములు విప్పుట కట. దానికి ఒర వలదని, దానిని పారవేయనూ వలదని ఆమె తీర్పు చెప్పినది.

పెద్దకత్తి అలుగు 8 అంగుళములు. కావున పలకల పొడవు 9 అంగుళములు, మొన బయటికి రాకుండ. ముందుపలక వెడల్పు 6, వెనుకపలక 8. ఇరుప్రక్కల మిగిలిన అంగుళమేసి చోటు గోడకు మరలు బిగించుటకు. రెండు పలకల నడుమ నిలువుగా నాలుగు బద్దలు, ఒక్కొక్కటి అరయంగుళము వెడల్పు. వాని మధ్య మిగిలిన మూడు సందులే మూడు ఒరలు: 1¾, 1¼, 1 అంగుళము. బద్దల దళసరి కత్తి వెన్ను కంటె వెండ్రుకవాసి ఎక్కువ ఉండవలెను. తక్కువైన కత్తి దిగదు, మరీ ఎక్కువైన లోపల ఆడును. పెట్టునపుడును తీయునపుడును వెన్ను బద్ద కానుకొని జారవలెను, వాదర చెక్కను తాకరాదు. తాకిన చెక్క తెగును, వాదర మొద్దుబారును. బద్దలను వెనుకపలకకు జిగురుతో అతికించితిని గాని, ముందుపలకను మరలతోనే బిగించితిని. అప్పుడప్పుడు విప్పి, తుడిచి, ఎండబెట్టుటకు వీలుండవలెనని వడ్రంగి చెప్పిన ఉపాయ మిది. నా బుద్ధికి తోచినది కాదు. పైన అవిసెనూనె పూసితిని. అది ఆరి గట్టిపడును. వంటనూనె ఆరక జిడ్డు కట్టును. ఎంత మంచి ఒరయైనను కత్తిని కడిగి, పొడిగుడ్డతో తుడిచి పెట్టిననే మేలు.

బజారులో ఇట్టివి దొరకును గదా యని మిత్రు లొకరు అడిగిరి. దొరకును. కొనుట తప్పు కాదు. కాని వాని సందులు ఎవరి కత్తులకో కోసినవి. కొన్నవాడు తన యింటి కత్తులను లెక్కింపనక్కరలేదు. నా కభ్యంతర మచ్చటనే.

ఉపాధ్యాయ మిత్రులతో ఒక మాట. 1937లో వార్ధా విద్యాసమావేశము చేతిపనిని చదువునకు కేంద్రము చేయుమన్నది. 2020 జాతీయ విద్యావిధానము 6 మొదలు 8 వరకు తరగతుల పిల్లలు పది దినములు పుస్తకముల సంచి లేకుండ వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు మొదలగువారి వద్ద పని నేర్చుకొనవలెనన్నది. ఆచరణలో ఆ పని తరచు కాగితపు పూవులతోను, పుల్లల యిండ్లతోను ముగియుచున్నది. ప్రదర్శన ముగిసిన మరునాడు అవి చెత్తబుట్టలో నుండును. కోతపని వడ్రంగి చేయనిండు. పిల్లలు, ముఖ్యముగా మగపిల్లలు, ఇంటికి పోయి తల్లినడిగి కత్తులు కొలిచి రానిండు. ఏ కత్తి దేనికో వ్రాసికొని రానిండు. ముప్పాతిక, పాతిక, అర కూడినచో ఆరంగుళముల పలక నిండునా లేదా యని లెక్క కట్టనిండు. ఉప్పుకాగితముతో చెక్కను రుద్దుటకు వారి చేతులు చాలును.

మా ఒర పొయ్యి సెగకు దూరముగా, గోడకు బిగింపబడినది. మా యింట పసిపిల్లలు లేరు గనుక ఎత్తును గూర్చి నే నాలోచింపలేదు; చేయి చాచి, సుఖముగా అందినచోట గుర్తు పెట్టితిని. మొదటి దినమున ఆమె మూడు కత్తులను వాని వాని చోట్ల నుంచి, మునివ్రేళ్లపై నిలిచి పెద్దకత్తిని తీసి, "బాగానే ఉంది. మీ ఎత్తుకు కొట్టారు" అన్నది. ఈ ఆదివారము ఆ మరలు విప్పి ఆరంగుళములు క్రిందికి దింపవలసియున్నది.