కెమెరా అవతలి విద్యార్థికి ఉస్తాద్ ఎవరు?

మగ్రిబ్ నమాజు తర్వాత మా మద్రసాలో గంటసేపు తజ్వీదు, ఆ పైన అరగంట తఫ్సీరు దర్సు జరుగుతుంది. చాప మీద కూర్చునేవారు ముప్పై, ముప్పై అయిదు మంది. వారి ముందు స్టాండుకు బిగించిన ఒక ఫోను. ఆ ఫోను ద్వారా వినేవారు ఒక్కోరోజు రెండు వందలు దాటుతారు. కువైట్‌లో కారు నడిపేవారు, అక్కడి ఇళ్ళలో పనిచేసే స్త్రీలు, హైదరాబాదు, బెంగుళూరుల్లో ఉద్యోగాలు చేసుకునే యువకులు, దగ్గరలో మద్రసా లేని కోస్తా పల్లెల్లోని నూర్‌బాషా కుటుంబాల పిల్లలు వారిలో ఉన్నారు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. ఏప్రిల్ చివరలో రమజాన్ నెల మొదలయ్యేనాటికి మసీదు తలుపులు మూసే ఉన్నాయి. మరో దారి లేక ఆనాడు ఆ ఫోనును నిలబెట్టాము. తలుపులు తెరిచాక పిల్లలు తిరిగి చాప మీదికి వచ్చారు, ఫోను మాత్రం అక్కడే ఉండిపోయింది. అప్పటి నుంచి ఒకే దర్సు, రెండు జమాతులు.

ఇది గొప్ప సౌకర్యమని మేమే పదిమందికీ చెప్పాము. ఎంతమంది చూశారో కమిటీ పెద్దలు ప్రతి జుమాకూ లెక్క అడిగి సంతోషించేవారు. గత సంవత్సరం జరిగిన ఒక సంగతి ఆ సంతోషాన్ని మాకు మిగల్చలేదు.

రాయచోటి ప్రాంతానికి చెందిన ఒక సోదరి కువైట్ నుంచి సెలవు మీద వచ్చి, తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మద్రసాకు వచ్చింది. "హజ్రత్, నేను మీ షాగిర్దును" అని పరదా అవతలి నుంచి సలాం చెప్పింది. పేరు చెప్పినా మాకు గుర్తు రాలేదు. పద్నాలుగు నెలలుగా ఆమె మా దర్సు వింటున్నదట. ఇక్కడ సాయంత్రం ఏడు గంటలైతే అక్కడ నాలుగున్నర. యజమాని ఇంటివారి బట్టలు ఇస్త్రీ చేసే వేళ అది. ఇస్త్రీ బల్ల మీద ఫోను పెట్టుకుని, ఒక్క పాఠం పోకుండా విన్నానని చెప్పింది. మాకు చాలా ఆనందమైంది. బాలికలకు పాఠం చెప్పే మా ఇంటివారిని పిలిచి, సూరా ఫాతిహా ఒకసారి వినమన్నాము.

'అల్‌హమ్దు'లో పెద్ద హా పలకవలసిన చోట చిన్న హా పలికింది. 'ఐన్' అంతటా అలిఫ్ అయిపోయింది. 'ఇయ్యాక'లో తష్దీదు లేదు. ఈ చివరిది చిన్న లోపం కాదు. ఆ తష్దీదు పోతే 'నిన్నే' అనే అర్థం పోయి సూర్యకాంతి అనే అర్థం వస్తుందని ముఫస్సిరులు హెచ్చరించారు. ఆ మాటను మా నోటి నుంచి ఆమె సరిగ్గానే నాలుగు వందల సార్లకు తక్కువ కాకుండా విని ఉంటుంది. ఆమె నోటి నుంచి మేము ఒక్కసారైనా వినలేదు.

మా ఇంటివారు దిద్దుతుంటే ఆమె అడిగింది, "ఇన్నాళ్ళూ మీరు చెప్పలేదేమి హజ్రత్?" అని. ఆ గొంతులో కోపం లేదు. నేర్చుకునే ప్రయత్నంలో ఉన్నవారికి ఫుఖహా సడలింపు ఇచ్చారని చెప్పి ఊరడించాము. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పలేకపోయాము.

తెలుగు మాట్లాడే ముస్లింలకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ఉర్దూ చదవడం తెలియని ఇళ్ళలో ఖుర్ఆన్‌ను తెలుగు లిపిలో చూసి నేర్చుకుంటున్నారు. సీన్, సాద్, సే మూడింటికీ తెలుగులో దొరికేది ఒక్క 'స'. జే, జాల్, జాద్, జో నాలుగింటికీ ఒక్క 'జ'. 'ఖల్బ్' అంటే హృదయం, 'కల్బ్' అంటే కుక్క. ఒక్క వత్తు తేడాతో ఎంత దూరం పోతామో చూడండి. పోనీ వత్తు ఉంటే చాలునా అంటే, మనవాళ్ళు ఖాఫ్‌కూ ఖేకూ కూడా అదే 'ఖ' రాస్తారు. ఈ భేదాలను చెవి ఒక్కటే పట్టుకోలేదు. నాలుక ఎక్కడ తగిలిందో, గొంతులో ఏ చోటి నుంచి శబ్దం వచ్చిందో ఎదుటివాడు విని, 'అక్కడ కాదు, ఇక్కడ' అని చెప్పాలి. పైగా ఫోనులో సన్నని శబ్దాలు సగం అరిగి వస్తాయి. చుట్టూ ఉన్న సద్దు తగ్గించే ఏర్పాటు సీన్‌నూ సద్దు అనుకుని కోసేస్తుంది.

దూరం నుంచి విద్య వినడం మన దీన్‌లో కొత్త విషయమేమీ కాదు. బాగ్దాదులో హదీసు సభలకు వేలాదిగా జనం వచ్చినప్పుడు షేఖ్ గొంతు చివరివరకు అందేది కాదు. ఆయన మాటను అందుకుని బిగ్గరగా తిరిగి చెప్పేవారిని 'ముస్తమ్లీ' అనేవారు. ఈ పని మర్యాదల గురించే అబూ సఅద్ సమ్ఆనీ (రహ్మలై) 12వ శతాబ్దంలో ఒక గ్రంథం రాశారు. ముస్తమ్లీ గొంతు మాత్రమే విన్నవాడు 'నేను షేఖ్ నుంచి విన్నాను' అనవచ్చునా అని ముహద్దిసులు వాదించుకున్నారు. కొందరు అనవచ్చన్నారు, కొందరు కూడదన్నారు. ముఖం కనిపించనివాడి నుంచి హదీసు తీసుకోవద్దని ఇమాం షూబా (రహ్మలై) అన్నారు. ఎక్కువమంది దానిని ఒప్పుకోలేదు. హజ్రత్ ఆయిషా (రజి) తెర వెనుక నుంచి బోధించలేదా అని అడిగారు. హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అజాన్ వినేవరకు సహరీ తినవచ్చునని దైవప్రవక్త (స) అనుమతించారు కదా, ఆ వేళ ఇళ్ళలో ఉన్నవారు ముఅజ్జిన్ ముఖం చూశారా అని గుర్తుచేశారు. కాబట్టి కువైట్‌లో విన్నదీ వినడమే. దానిని తక్కువ చేసి మాట్లాడే హక్కు మనకు లేదు.

అయితే ఆ పెద్దలే వినడం పక్కన ఇంకొక పద్ధతిని కూడా పెట్టారు. శిష్యుడు చదవాలి, ఉస్తాద్ వినాలి. ఇబ్నుస్సలాహ్ (రహ్మలై) హదీసు అందుకునే ఎనిమిది మార్గాలను వరుసగా చెబుతూ మొదట షేఖ్ నోట వినడాన్ని, వెంటనే షేఖ్ ముందు చదవడాన్ని పేర్కొన్నారు. ఎవరి చేతిరాతో దొరికితే దానిలోంచి తీసుకోవడం అన్నిటికంటే చివర. రికార్డు చేసిన పాఠాన్ని ఎప్పుడో తెరిచి చూసుకోవడం ఆ చివరిదానికి దగ్గరగా ఉంటుందని మా అభిప్రాయం. ఖుర్ఆన్ విషయంలోనైతే సందేహానికి తావే లేదు. ప్రతి రమజాన్‌లో హజ్రత్ జిబ్రీల్ (అ) వచ్చి దైవప్రవక్త (స) వారితో ఖుర్ఆన్ పునశ్చరణ చేసేవారు, చివరి సంవత్సరం రెండుసార్లు జరిగింది. ఎవరి మీద ఖుర్ఆన్ అవతరించిందో ఆయనే వినిపిస్తుంటే, వినిపించే అవకాశం లేని పాఠాన్ని మనం దర్సు అని ఎలా అంటున్నాము?

పుస్తకాలు తపాలాలో పంపినంత మాత్రాన చదువు అయిపోదని లోకం కూడా గ్రహించింది. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినవారు ఊరూరా అధ్యయన కేంద్రాలు తెరిచి, సెలవు రోజుల్లో విద్యార్థిని అధ్యాపకుడి ముందు కూర్చోబెట్టారు. మన మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా 1998లో దూరవిద్యతోనే మొదలైంది. మేము మాత్రం ఒక స్టాండు కొని పని పూర్తయిందనుకున్నాము.

చాప మీది పిల్లలకు జరిగిన నష్టం ఇంకొక రకం. పన్నెండేళ్ళ పిల్లవాడు ఒకరోజు ఒకే ఆయత్ దగ్గర మూడుసార్లు తడబడ్డాడు. మద్రసాలో ఇది రోజూ జరిగేదే, తడబడటానికే కదా అక్కడికి వచ్చేది. ఆ రాత్రే షార్జాలో ఉన్న మేనమామ ఫోను చేసి, 'అందరం చూశాంలే' అని వేళాకోళం చేశాడు. ఆ తర్వాత రెండు వారాలు ఆ పిల్లవాడు పెదవులు కదిపాడే తప్ప గొంతు విప్పలేదు. పక్కవాళ్ళూ ప్రశ్నలు అడగడం తగ్గించారు. తోటివాడి లోపాన్ని కప్పమని నేర్పే చోట మేమే దానిని ఊళ్ళకు చూపించాము. ఇక మా సంగతి చెప్పుకోవాలంటే, ఎదురుగా ఉన్న పిల్లవాడి పెదవులు చూడవలసిన కళ్ళు ఫోను మీదికి పోతున్నాయి. అవతలివారికి వినబడుతున్నదో లేదో, తెర ఆగిపోయిందేమో అని ధ్యాసంతా అటే. యూట్యూబులో మా మాట వారికి అందేసరికే కొన్ని సెకన్లు, ఒక్కోసారి అరనిమిషం దాటుతుంది. వారు ప్రశ్న రాసి పంపేసరికి మేము మరో ఆయత్‌లో ఉంటాము. వెనక్కి వెళితే ముందున్నవారికి విసుగు, వెళ్ళకపోతే అడిగినవారికి నిరాశ.

మా తోటి ఉస్తాదులలో కొందరు ఫోను తీసి పారేయమన్నారు. ఖుర్ఆన్ కోసం కాళ్ళు అరిగేలా నడిచినవారికే అది దక్కిందని వారి వాదన. వాదన బాగానే ఉంది. కాని ఆ సోదరి ఇస్త్రీ బల్ల వదిలి ఎక్కడికి నడుస్తుంది? కమిటీలోని యువకులేమో ఇంకో కెమెరా కొందాం, వేయిమందికి అందుతుంది అన్నారు. రెండు వందల మందిలో ఎవరు తప్పు చదువుతున్నారో తెలియని మాకు వేయిమంది ఎందుకు?

ఈ సందర్భంలో 'అబస' సూరా మా మనసులో మెదిలింది. దైవప్రవక్త (స) ఖురైషు పెద్దలకు సత్యం బోధిస్తుండగా అంధుడైన హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చి తనకు నేర్పమని అడిగారు. ఎదుట ఎవరున్నారో, మాట ఎక్కడ నడుస్తున్నదో ఆయనకు కనిపించదు. ఆయన వైపు శ్రద్ధ చూపనందుకు అల్లాహ్ తన ప్రవక్తను సున్నితంగా మందలించాడు. తెర అవతలి విద్యార్థికి కూడా మా గది సగమే కనిపిస్తుంది. అడగవలసిన వేళ ఏదో తెలియదు. అడిగినా మాకు వినిపించదు. ఆతురతతో వచ్చినవాడు అతడే.

దారి కూడా హదీసులలోనే దొరికింది. పురుషులే మీ సమయమంతా తీసుకుంటున్నారు, మాకొక రోజు కేటాయించండని స్త్రీలు అడిగితే దైవప్రవక్త (స) వారికి వేరే రోజు ఇచ్చారు. ఉన్న సభలోనే ఒక మూల సర్దుకోమనలేదు. హజ్రత్ ఉమర్ (రజి) మదీనా శివార్లలో ఉండేవారు. ఆయనా, పక్కింటి అన్సారీ సోదరుడూ వంతులు వేసుకుని ఒకరోజు ఒకరు, మరునాడు మరొకరు దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్ళేవారు. వెళ్ళినవారు వెళ్ళనివారికి ఆనాటి సంగతులు చెప్పేవారు. మాకు కావలసింది ఆ పక్కింటి సోదరుడే.

ఈ సంవత్సరం షవ్వాల్ నుంచి ఏర్పాటు మార్చాము. ప్రసారం ఆపలేదు. దానిని 'బయాన్' అంటున్నాము, ఎవరైనా వినవచ్చు. తజ్వీదులో పిల్లలు చదివే వేళ ఫోను ముఖం గోడకు తిప్పేస్తాము. దూరంగా ఉండి నేర్చుకోగోరేవారిని పేర్లు రాసుకుని అరవై మందిని మాత్రమే తీసుకున్నాము. లెక్క సులువైనది. మనిషికి మూడు నిమిషాలు, ఇషా తర్వాత రోజుకు పదిమంది, వారానికి ఆరు రోజులు. ప్రతి ఒక్కరికీ వారంలో ఒకసారి తప్పనిసరిగా వంతు వస్తుంది. స్త్రీలు మా ఇంటివారికి వినిపిస్తారు. ఆ వేళ కుదరనివారు చదివి వాట్సాపులో పంపుతారు, ఫజర్ తర్వాత విని దిద్ది తిరిగి పంపుతాము. దర్సులో కూర్చునే ఒక్కొక్కరికీ దూరపు సహపాఠి ఒకరిద్దరిని అప్పగించాము, అబ్బాయిలకు పురుషులను, అమ్మాయిలకు స్త్రీలను. అవతలివారి ప్రశ్న వీరు అడుగుతారు, బోర్డు మీద రాసింది ఫోటో తీసి పంపుతారు, ఉర్దూ రానివారికి తెలుగులో చెబుతారు. మా నోట ఉర్దూ ఎప్పుడు దొర్లుతుందో మాకే తెలియదు కనుక ఈ చివరి సాయం మాకూ మంచిదయింది. అరవై మందిలో ఎవరికీ విన్నందుకు సనదు ఇవ్వము. పాఠాలన్నీ చూస్తే చాలు, సర్టిఫికెట్ ఇస్తామనే సంస్థలు బయలుదేరాయి. అది ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ మేలు కాదు.

కమిటీలో అభ్యంతరం వచ్చింది. రెండు వందల విద్యార్థులని చెప్పుకున్నచోట అరవై అంటే మద్రసా దిగిపోయిందనుకుంటారనీ, గల్ఫ్ నుంచి వచ్చే చందా తగ్గుతుందనీ అన్నారు. చందా కొంత తగ్గిన మాట నిజమే. ఒక నెల బల్బులు కొనడానికి కూడా ఆలోచించవలసి వచ్చింది. పేరు దొరకని కొందరు నొచ్చుకున్నారు కూడా. ఇంకొక ఉస్తాద్‌ను పెట్టుకోగలిగితే మరో అరవై మందిని తీసుకోవచ్చు. ఆ జీతానికి ఇంకా దారి కనపడలేదు.

ఆ సోదరి కువైట్ తిరిగి వెళ్ళింది. జాబితాలో ఆమె పేరు ఉంది, బుధవారం వంతు. 'ఇయ్యాక' తష్దీదుతో సరిగ్గా పలుకుతున్నదట. 'ఐన్' కొంతవరకు వచ్చింది, పెద్ద హా ఇంకా కుదరలేదని మొన్న బుధవారం మా ఇంటివారు చెప్పారు.