మోకాలు నొప్పంటే తుంటినీ చూడండి

'సార్, మోకాలు నొస్తా ఉంది' అంటూ పన్నెండేళ్ల పిల్లాడు కుంటుకుంటూ వచ్చి గ్రౌండ్ పక్కన కూర్చుంటాడు. పీఈటీ స్ప్రే కొట్టి, రెండు రోజులు ఆడొద్దంటారు. నొప్పి తగ్గకపోతే ఇంట్లోవాళ్లు మోకాలికి ఎక్స్‌రే తీయిస్తారు. అందులో ఏమీ కనిపించదు. అసలు తేడా తుంటిలో ఉండొచ్చు.

ఎదిగే వయసులో తొడ ఎముక తలకు, మెడకు మధ్య గ్రోత్ ప్లేట్ ఉంటుంది. కొందరిలో, ఎక్కువగా 10-16 ఏళ్ల మధ్య, అక్కడ ఎముక జారుతుంది. దీన్నే డాక్టర్లు ఎస్‌సీఎఫ్‌ఈ అంటారు. బరువు ఎక్కువున్న పిల్లల్లో ముప్పు ఎక్కువ. తుంటికీ మోకాలికీ కొన్ని నరాలు ఉమ్మడి కాబట్టి నొప్పి మోకాల్లో తెలుస్తుంది. త్వరగా గుర్తిస్తే సాధారణంగా ఒక స్క్రూ వేసి జారకుండా ఆపుతారు. ఆలస్యమైతే ఇంకా జారి, చిన్న వయసులోనే కీలు అరిగిపోయే ప్రమాదం ఉంది.

ఇది కెరీర్ పేజీలో ఎందుకంటారా? మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో పారామెడికల్, నర్సింగ్, బీపీటీ, బీపీఈడీ చదివి ఉద్యోగం వెతుక్కుంటున్న మీ కోసమే. ఆ పిల్లాణ్ని మొదట చూసేది ఎముకల డాక్టర్ కాకపోవచ్చు, మీరే కావొచ్చు.

పీఈటీ అయితే: కుంటుతూ, పాదం బయటికి తిప్పి నడుస్తున్న పిల్లాణ్ని పరిగెత్తించొద్దు, నడిపించొద్దు. తల్లిదండ్రులకు ఫోన్ చేసి, ఆ రోజే ఆసుపత్రికి పంపండి.

ఫిజియో అయితే: మోకాలికి ఎక్సర్‌సైజులు మొదలుపెట్టే ముందు, పడుకోబెట్టి తుంటిని మెల్లగా వంచి చూడండి. తొడ తనంతట తానే బయటికి తిరిగితే అక్కడితో ఆపి డాక్టర్‌కు చెప్పండి.

ఎక్స్‌రే టెక్నీషియన్ అయితే: చీటీలో మోకాలు అని మాత్రమే ఉన్నా, పిల్లాడు కుంటుతుంటే 'సార్, తుంటి కూడా తీద్దామా?' అని డాక్టర్‌ను అడగండి. రెండు తుంట్లూ కనిపించాలి, పక్క వ్యూ కూడా ఉండాలి. అడుగు వేయలేని పిల్లాడి కాళ్లను మాత్రం ఫ్రాగ్ లెగ్ వ్యూ కోసం బలవంతంగా విడదీయొద్దు.

మన వైపు ఎముక అనగానే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. ఇది కట్టుతోనో, మాలిష్‌తోనో కుదిరేది కాదని ఇంట్లోవాళ్లకు నచ్చజెప్పడం కూడా మీ పనే. కుప్పంలో పీఈఎస్ మెడికల్ కాలేజీ ఉంది, తిరుపతిలో ఎముకల వైద్యానికి బర్డ్ ఉంది. వైద్యం దూరమేమీ కాదు. సకాలంలో అనుమానించే మనిషే కావాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలకు పరీక్షలు చేస్తున్నారు. కుంటే ప్రతి పిల్లాడి తుంటినీ చూడటం అందులో అలవాటు కావాలని నా అభిప్రాయం. అంతవరకు మీరు ఆగక్కర్లేదు. ఈసారి ప్రాక్టికల్ క్లాసులో తుంటి ఎక్స్‌రే ఒకటి చూపించమని అడగండి. తొడ ఎముక మెడ పైఅంచు వెంట గీసిన గీత తలను కొంచెమైనా కోస్తూ పోవాలి. కోయకపోతే జారిందని అనుమానించాలి. కోసినంత మాత్రాన జారలేదని మాత్రం అనుకోవద్దు, పక్క వ్యూ చూడాల్సిందే.