భయం ముందు, కారణం తర్వాత

మన ఇళ్ళలో భయాన్ని పిరికితనం కింద జమకట్టేస్తాం. "అంత భయమెందుకు, ఊరుకో" అని ఒక్క మాటతో తేల్చేస్తాం. నా మటుకు నాకు, భయం ఎవరికో ఉండే బలహీనతలా కాక, ఒకరి మొహంలోంచి ఇంకొకరి మొహంలోకి దూకే వస్తువులా కనిపిస్తుంది. దాన్ని ఆపడం ఒక్కరి గుండె ధైర్యంతో అయ్యే పని కాదు. పక్కనున్నవాళ్ళ చేతిలో కూడా ఉంటుంది.

మా విజయనగరం దగ్గర గొట్లాంలో జరిగింది మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. 2013 నవంబరు 2, సాయంత్రం. దీపావళి రోజులు. బొకారో ఎక్స్‌ప్రెస్‌లో బోగీకి నిప్పంటుకుందని ఎవరో అన్నారు. చైను లాగారు. రైలు ఆగగానే జనం చీకట్లో పక్క పట్టాల మీదకి దిగిపోయారు. ఆ పట్టాల మీదే రాయగడ ప్యాసింజరు వచ్చింది. కనీసం ఎనిమిది మంది పోయారు. నిప్పు వల్ల కాదు, నిప్పు అన్న మాట వల్ల. పన్నెండేళ్ళు కూడా తిరక్కుండానే, 2025 జనవరి 22న మహారాష్ట్రలోని జల్‌గావ్ జిల్లాలో అచ్చం అలాంటిదే జరిగింది. పుష్పక్ ఎక్స్‌ప్రెస్‌లో మంటలని పుకారు, జనం దిగడం, పక్క లైన్లో కర్ణాటక ఎక్స్‌ప్రెస్. మళ్ళీ కనీసం పన్నెండు మంది.

"ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది" అని ఇంట్లో కూర్చుని అనడం తేలిక. చంకలో పిల్ల ఉండి, చుట్టూ అందరూ దిగిపోతుంటే, పొగ ఉందా లేదా అని చూసుకునేంత స్థిమితం ఎవరికి ఉంటుంది? అలాంటప్పుడు కళ్ళు పొగని వెతకవు. పక్కవాళ్ళ మొహాల్ని వెతుకుతాయి.

1934 బీహార్ భూకంపం తర్వాత జమునా ప్రసాద్ అనే మనస్తత్వవేత్త జనంలో తిరిగిన పుకార్లని సేకరించారు. భూమి కదిలింది కానీ నష్టం పెద్దగా లేని చోట్ల, ఇంతకన్నా పెద్ద ప్రళయం రాబోతోందన్న పుకార్లు పుట్టాయి. 1957లో లియోన్ ఫెస్టింగర్ అనే అమెరికా శాస్త్రవేత్త దీనికి ఒక కారణం చెప్పారు. ఆ జనానికి భయం వేసింది, కళ్ళ ముందు మాత్రం అంత భయానికి తగ్గ కారణం లేదు. అందుకని భయానికి సరిపడే కథ తయారైంది. అంటే కథ విని భయపడటమే కాదు, ముందే భయపడి ఉన్నాం కాబట్టి కథని నమ్మడం కూడా ఉంటుందన్నమాట.

ఇప్పుడు మన ఫ్యామిలీ గ్రూపులు చూడండి. ఉత్తరాంధ్రలో పిల్లలు ఊళ్ళో ఉన్న ఇళ్ళు తక్కువ. ఒకడు హైదరాబాదు, ఇంకొకడు చెన్నై, కూతురు విశాఖ. మా అత్తయ్యగారి ఫోనులోంచి పొద్దున్నే "ఈ కూర తినకండి", "ఆ రోడ్డున రాత్రి వెళ్ళకండి" అని వచ్చే సందేశాల అసలు అర్థం ఒక్కటే, "మీరు నా కళ్ళ ముందు లేరు" అని. అది ప్రేమే. కానీ ఆ ప్రేమ ఎక్కే బండి మాత్రం పుకారు.

ఆ బండి ఎక్కడిదాకా వెళ్తుందో 2018లో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సందేశాలు. అమాయకుల మీద దాడులు. దేశంలో ఎన్నో చోట్ల ప్రాణాలే పోయాయి. ఆ జూలైలో వాట్సాప్, ఇండియాలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకి మించి పంపకుండా కట్టడి పెట్టింది. కంపెనీ కట్టడి పెట్టగలిగింది వేలికే, మనసుకి కాదు.

ఆ రోజుల్లోనే మా వీధిలోకి దుప్పట్లమ్మే అతను వచ్చాడు. ఒడియా యాస తెలుగు. ఇద్దరు కుర్రాళ్ళు ఆపారు, చూస్తుండగానే పదిమంది అయ్యారు. వీధి చివరి పెద్దమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చి, "ఏ ఊరు బావూ? ముందు నీళ్ళు తాగు" అంది. మూట విప్పించింది. "ఇదెంత?" అని బేరం మొదలెట్టింది. ఆవిడ యాభై రూపాయల దగ్గర పట్టుబట్టేసరికి గుంపంతా బేరం వినే జనంగా మారిపోయింది. ఆవిడ ఎవరికీ నీతులు చెప్పలేదు. అందరూ మొహాలు వెతుక్కుంటున్న వేళ, ఒక మామూలు మొహం చూపించింది.

అలాగని నిమ్మళంగా ఉన్న మొహాలన్నిటినీ నమ్మమని కాదు. 1968లో లటానే, డార్లీ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థుల్ని గదిలో కూర్చోబెట్టి గోడలోంచి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్ళలో 75 శాతం మంది బయటికొచ్చి చెప్పారు. ఏమీ పట్టనట్టు నటించే ఇద్దరి మధ్య కూర్చున్నవాళ్ళలో చెప్పింది 10 శాతమే. కాబట్టి ఊరికే నిబ్బరంగా కూర్చోవడం కూడా ప్రమాదమే. పెద్దమ్మ చేసింది అది కాదు. ఆవిడ వెళ్ళి అడిగింది, మూట విప్పి చూసింది.

"వందలో ఒక్కటి నిజమైనా మంచిదేగా, పంపితే పోయేదేముంది?" అంటుంది మా ఆడపడుచు. పోయేది మనది కాదు కాబట్టి అలా అనిపిస్తుంది. పోయేది ఆ దుప్పట్లతనిది. ఇంకోటి కూడా పోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది. అలాంటి రోజున వచ్చే నిజమైన హెచ్చరికని జనం నమ్మాలి కదా. రోజూ అబద్ధపు భయాలు చదివి అలిసిపోయిన మనసు, ఆ ఒక్కదాన్ని కూడా అలాగే పక్కకి నెట్టేస్తే?

మా ఇంట్లో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. అలాంటి సందేశం వస్తే "ఇదంతా అబద్ధం అత్తయ్యా" అని గ్రూపులో నలుగురి ముందూ అనం. అంటే ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది, నమ్మకం మాత్రం మారదు. ఫోన్ చేస్తాం. "ఎవరు చెప్పారు? ఎవరికి జరిగింది? మనం చెయ్యాల్సింది ఏమైనా ఉందా?" ఈ మూడూ మాటల్లో మాటగా అడుగుతాం. చాలాసార్లు మూడో ప్రశ్న దాకా వెళ్ళకముందే, "అది సరేగానీ, పిల్లడు అన్నం తిన్నాడా?" అంటుంది ఆవిడ. అసలు అడగాలనుకున్నది అదే.

మీ ఇంట్లోనూ ఈసారి అలాంటి సందేశం వస్తే, ఇంకొకరికి పంపే ముందు, పంపినవాళ్ళకి ఒకసారి ఫోన్ చేసి చూడండి.