జోజిలా సొరంగం, మన ఎల్ఐసీ ప్రీమియం

మేము చదివింది తమిళ మీడియం. తెలుగు రాత ఇంట్లో నేర్చుకున్నదే. తప్పులుంటే మన్నించాలి.

మొన్న గ్రూపులో ఒక తమ్ముడు జోజిలా సొరంగం ఫోటో పెట్టి, "కడుతున్నది మన హైదరాబాద్ కంపెనీ, గర్వపడండి" అని రాశాడు. గర్వం మాకూ ఉంది. మన కామాఠీపురాకు ఆ పేరు వచ్చిందే నిజాం రాజ్యం నుంచి వచ్చి బొంబాయిలో రాళ్లు మోసిన మన కూలీల వల్ల. కానీ రైల్వేలో ఏళ్ల తరబడి టెండరు కాగితాలు, బిల్లులు చూసిన కళ్లు మావి. ఆ ఫోటో వెనక కథ కూడా చెప్పాలి.

శ్రీనగర్ నుంచి లద్దాఖ్ పోయే దారిలో, చలికాలం మంచు పడితే జోజిలా కనుమ మూసుకుపోతుంది. సరిహద్దులోని సైన్యానికి ఏడాది పొడుగునా సరుకు చేరాలంటే 13 కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వాలి. 2018లో ఈ పని ముందు దక్కింది ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ గ్రూపుకు. మే నెలలో ప్రధాని శంకుస్థాపన చేశారు. సెప్టెంబరు వచ్చేసరికి ఆ గ్రూపు అప్పుల వాయిదాలు కట్టలేక చేతులెత్తేసింది. మొత్తం అప్పు 90 వేల కోట్లకు పైనే.

ఆ భయం మార్కెట్టంతా పాకింది. సెప్టెంబరు 21న డీహెచ్ఎఫ్ఎల్ షేరు ఒక్క రోజులో 40 శాతానికి పైగా పడిపోయింది. 2019 జనవరిలో సొరంగం కాంట్రాక్టు రద్దయింది. మళ్లీ టెండరు పిలిస్తే, 2020లో మేఘా ఇంజినీరింగ్ 4,509.5 కోట్లకు అందరికంటే తక్కువ రేటు వేసి గెలిచింది. ఆ అక్టోబరు 15న గానీ మొదటి పేలుడు జరగలేదు.

ఇందులో మనకేం పోయింది అంటారా? ఐఎల్ అండ్ ఎఫ్ఎస్‌లో అందరికంటే పెద్ద వాటాదారు ఎల్ఐసీ. పావు వంతు వాటా దానిదే. ఆ డబ్బు మన ఇళ్ల నుంచి నెలనెలా పోయిన ప్రీమియమే. ఆ గ్రూపు బాండ్లు కొన్న పీఎఫ్ ట్రస్టులూ ఇరుక్కున్నాయి. కాంట్రాక్టు వచ్చిన రోజు షేరు కొన్నవాడికి లాభమో నష్టమో, అది వాడి ఇష్టం. షేరంటే ఏమిటో తెలియని ముసలమ్మ పాలసీ కూడా ఆ పందెంలో ఉందని ఆమెను ఎవరడిగారు?

ప్రైవేటు వాళ్లకు పని ఇవ్వొద్దని మేము అనడం లేదు. అంత పెద్ద సొరంగానికి యంత్రాలు, అనుభవం కావాలి. కానీ ఎవరు తక్కువ రేటు వేశారని చూసినంత గట్టిగా, వాడి మెడ మీద అప్పెంత ఉందో కూడా చూడాలి. మేఘా షేరు బజారులో లేదు. కాబట్టి షేరు ధర చూసి కంపెనీ ఆరోగ్యం తెలుసుకునే దారి కూడా మనలాంటి వాళ్లకు లేదు. సరిహద్దు పనికి డబ్బిచ్చేది ప్రజలు. కట్టేవాడి అప్పుల లెక్క ఏటా ప్రజల ముందు పెట్టాలని టెండరులోనే రాయాలి.

ఇది కాశ్మీరు గొడవ అని పక్కన పెట్టకండి. రేపు మ్హాడా ద్వారా మన కామాఠీపురాను పడగొట్టి కట్టేది కూడా ప్రైవేటు బిల్డరే. వాడు సగంలో చేతులెత్తేస్తే మన అద్దె ఎవరు కడతారు? ఎన్ని అడుగుల ఇల్లు అని అడిగే ముందు ఈ మాట అడగండి. సంతకం పెట్టాక అడిగితే వినేవాడు ఉండడు.