టవాళ్ల మూట మీద పిల్లి

పోయిన నెల మోకాళ్ల నొప్పుల గురించి రాసిన. ఈసారి పిల్లి ముచ్చట. నవ్వకండ్రి. మన షోలాపూర్‌ల సాంచెలున్న ఇంట్ల పిల్లి లేకుంటే ఎలుకలు నూలు కోన్లను బతకనియ్యవు.

మా పిల్లి పేరు మనీ. ఇక్కడ మరాఠోళ్లు పిల్లిని ముద్దుగ అట్లనే పిలుస్తరు, మా మనవరాలు పెట్టిన పేరు. తొమ్మిదేండ్లది. సాంచె పక్కన ఘమేలాల ఇసుక పోసి పెడితే అండ్లనే పోయేది, ఎన్నడూ గలీజు చెయ్యలే.

సంక్రాంతి పోయినంక ఒకనాడు సేఠ్‌కు ఇచ్చే టవాళ్ల మూట మీద పోయింది. వారంల మూడుసార్లు. పన్నెండు టవాళ్లు వాపస్ వచ్చినయి, మజూరీల పైసలు కోసిండ్రు. కొడుకుకు కోపమొచ్చింది. గోనె సంచిల ఏసి ఊరి బయట ఇడిచి వస్తనన్నడు. మనవరాలు ఆ రాత్రి అన్నం ముట్టలే. నేను రెండు రోజులు ఆగురా అన్న.

పని లేని ముసలోన్ని, కూసోని చూసిన. మనీ ఇసుకల కూసుంటది, ముక్కుతది, అరుస్తది, బయటికి ఉరుకుతది. తర్వాత మెత్తటి జాగల రాయి లెక్క ఒక ఎండు గోలీ పడుతది. అప్పుడు సమజైంది. ఇసుకల కూసుంటేనే నొప్పి అయితుందని అది ఇసుకకే భయపడ్డది.

ఇగ నేను చేసిన తప్పు రాస్త. మా అమ్మ మాకు తాగిపిచ్చినట్లు దానికి నోరు తెరిచి చెంచాడు ఆముదం పోసిన. దగ్గుకుంట ఉక్కిరిబిక్కిరి అయింది. పశువుల దవాఖానల డాక్టరమ్మ బాగ తిట్టింది. నూనె ఊపిరితిత్తులకు పోతే నిమోనియా వస్తదట. ముందు ఆమె అడిగిన మాట, "ఉచ్చ వస్తుందా?" అని. ఉచ్చ బందైనా పిల్లి గిట్లనే ముక్కుతది, మగపిల్లులకు ఇది ఎక్కువ. ఒకటి రెండు రోజులల్లనే ప్రాణం పోవచ్చు. మా గల్లీల ఒక బోకా అట్లనే సచ్చింది, అందరం మలబద్ధకమే అనుకున్నం. చుక్క చుక్క వచ్చినా, అసలు రాకున్నా ఆ పూటనే తీస్కపోండ్రి.

మనీకి ఎనిమా ఇచ్చి, లాక్టులోజ్ అనే తియ్యటి మందు రాసిచ్చింది. అదే మందు నేను కూడ తాగుతున్న! కాని దాని బరువును బట్టి కొలత వేరే. మెడికల్ షాపుల మనుషులకు అమ్మే ఎనిమాలు కొన్ని పిల్లులను చంపుతయట, మనంతల మనం వాడొద్దన్నది.

తప్పు మా తిండిల కూడ ఉన్నది. ఎండుచేపల తలలు, కోడి బొక్కలు ఏసేటోళ్లం, నీళ్ల గిన్నె ఇసుక పక్కన్నే ఉండేది. వాసనకు తాగలే. ఇప్పుడు ఉప్పు, ఉల్లి, ఎల్లిపాయ ఎయ్యకుండ ఉడికిచ్చిన కోడి కూర ముక్కలు నీళ్లతోటి, కొంచెం ఉడికిన గుమ్మడికాయ పెడుతున్నం. నీళ్లు రెండు జాగలల్ల.

ఘమేలా అంచు ఎత్తు, ముసలి కాళ్లకు ఎక్కుడు కష్టం. పాత ప్లాస్టిక్ టబ్బు ఒక దిక్కు కోసి, సాంచె సప్పుడు లేని మూలకు పెట్టిన. కోడలు ఫినాయిల్‌తోటి కడుగుతుండె, అది పిల్లులకు విషమట. ఇప్పుడు సబ్బు, ఏడినీళ్లే. పొద్దుకు రెండుసార్లు పాత జల్లెడతోటి తీస్త. టవాళ్లు మాత్రం అటక మీద పెట్టినం, ఎందుకైనా మంచిదని.

మూడు వారాలు పట్టింది. పోయిన వారం ఒకసారి మళ్ల గడప దగ్గర పోయింది, ఎవ్వరం కొట్టలే. రాత్రి పాళీ దిగి వచ్చిన కొడుకు ముఖం కడుక్కోక ముందే ఆ మూలకు పోయి చూస్తడు.

"నాయినా, పోయింది" అంటడు. అప్పుడు చాయ్ తాగుతడు.