గోడలో గొట్టం సంగతి అద్దెకున్నవాళ్ళకీ తెలియాలి

అక్టోబరు వచ్చిందంటే న్యూజెర్సీ, న్యూయార్క్ పరిసరాల్లో మనవాళ్ళ ఇళ్ళల్లో ఒకటే మాట: "హీటింగ్ సరిగ్గా రావడం లేదు." ఆ మాట ఇంటి గడప దాటదు. స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుంటాం, ఒక ఎలక్ట్రిక్ హీటరు కొనుక్కొస్తాం. అడిగితే ఓనరు లీజు పొడిగించడేమో అని ఊరుకుంటాం. ఇలా ఊరుకోవడం తప్పని నా అభిప్రాయం. నేను ఆఫీసు గుమస్తానే గానీ ప్లంబర్‌ని కాను. అయినా ఇంట్లోకి వేడి ఎలా వస్తుందో తెలుసుకోవడానికి ప్లంబరే కానక్కర్లేదు.

పాత బిల్డింగుల్లో చాలావాటికి ఆవిరి పద్ధతి. బేస్‌మెంట్‌లో బాయిలర్ ఉంటుంది. రేడియేటర్‌కి ఒకటే గొట్టం ఉంటే ఆవిరి అందులోనే పైకి వస్తుంది, చల్లబడి నీరయ్యాక అందులోనే కిందికి పోతుంది. అందుకే దాని వాల్వు పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూసెయ్యాలి. సగంలో వదిలేస్తే నీళ్ళు పోయే దారి లేక ఆవిరి వాటికి తగులుతుంది. అర్ధరాత్రి సుత్తితో కొట్టినట్టు వచ్చే చప్పుడుకి ఇదొక కారణం. పక్కన బుస్సుమనే చిన్న వెంట్ లోపలి గాలి బయటికి పోవడానికి. రంగు వేసి దాన్ని మూసేస్తే ఆవిరికి చోటుండదు, రేడియేటర్ వేడెక్కదు.

రెండోది వేడినీళ్ళ పద్ధతి. ఒక గొట్టంలో పంపు వేడినీళ్ళు పంపిస్తుంది, ఇంకో గొట్టంలో చల్లబడిన నీళ్ళు బాయిలర్‌కి తిరిగి చేరతాయి. రేడియేటర్ కింద వేడిగా, పైన చల్లగా ఉంటే పైభాగంలో గాలి చేరి ఉండొచ్చు. కొళాయిలో వచ్చే వేడినీళ్ళు వేరు, అవి రేడియేటర్ నీళ్ళతో కలవవు. కొళాయి వేడిగా ఉండి గది చల్లగా ఉంటే "హీటింగ్ లేదు" అని ఊరుకోకుండా ఆ ముక్క కూడా చెప్పండి. రిపేరుకి వచ్చినవాడికి ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ఇక చట్టం. న్యూయార్క్ సిటీలో అక్టోబరు 1 నుంచి మే 31 దాకా, ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు బయట 55 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే తగ్గితే లోపల కనీసం 68 ఉండాలి. రాత్రి బయట ఎంతున్నా లోపల 62 ఉండాలి. కొళాయి వేడినీళ్ళు ఏడాది పొడుగునా 120 డిగ్రీలు ఉండాలి. న్యూజెర్సీలో మూడు, అంతకంటే ఎక్కువ ఇళ్ళున్న బిల్డింగుల్లో అక్టోబరు 1 నుంచి మే 1 దాకా పగలు 68, రాత్రి 11 తర్వాత 65 ఉండాలి.

ఓనర్లకి గ్యాసు, ఆయిలు ఖర్చు ఎక్కువేననేది నిజమే. కానీ మనం కట్టే అద్దెలో వేడి కూడా ఉంది. అది దానధర్మం కాదు.

ఎలక్ట్రిక్ హీటరుతో సర్దుకుపోదాం అనేవాళ్ళు 2022 జనవరి 9న బ్రాంక్స్‌లో జరిగింది గుర్తుంచుకోవాలి. ఇంటి హీటింగ్‌కి తోడుగా పెట్టుకున్న హీటరు నుంచి మంటలు లేచాయి. తలుపు దానంతటది మూసుకోకపోవడంతో పొగ 19 అంతస్తుల బిల్డింగంతా కమ్మేసింది. 17 మంది పోయారు, వాళ్ళల్లో 8 మంది పిల్లలు. ఎక్కువమంది మనలాగే పొట్ట చేతపట్టుకుని ఈ దేశం వచ్చిన కుటుంబాలవాళ్ళు.

కాబట్టి ఒక థర్మామీటరు కొనండి. తేదీ, టైము, డిగ్రీలు రాసి పెట్టుకోండి. ఓనరుకి నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా చెప్పండి. కదలకపోతే న్యూయార్క్‌లో 311కి, న్యూజెర్సీలో మీ ఊరి ఇన్‌స్పెక్షన్ ఆఫీసుకి ఫోన్ చెయ్యండి. ఫిర్యాదు చేసినందుకు కక్షతో ఇల్లు ఖాళీ చేయించడం రెండు రాష్ట్రాల చట్టాలూ ఒప్పుకోవు. ఓనరు కూడా అక్కడే ఉండే చిన్న ఇళ్ళకి మాత్రం మినహాయింపులున్నాయి, ముందు కనుక్కోండి.

మన సంఘాల పెద్దలకి ఒక మనవి. దసరా, దీపావళి కార్యక్రమాలు ఘనంగా చేస్తున్నారు, సంతోషం. సరిగ్గా అవి చలి మొదలయ్యే రోజులు. పాటలకీ భోజనాలకీ మధ్య ఒక్క అరగంట కేటాయించి, పని తెలిసిన మనిషిని పిలిచి, ఈ గొట్టాల సంగతి తెలుగులో చెప్పించండి. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ చలికాలం ధైర్యంగా గడుపుతారు.